కొడుకు దింపిన పన్నీరు

పువ్వు ఆగదు. ఏప్రిల్ వచ్చిందంటే నాబుల్ ఊళ్లో ఎవరిని ఏ పని అడిగినా ఇదే జవాబు. పెళ్లిచూపులు వాయిదా వేసుకోవచ్చు, పంటినొప్పిని లవంగంతో సముదాయించుకోవచ్చు. చేదు నారింజ పువ్వును మాత్రం కోసిన మర్నాటికల్లా బట్టీ ఎక్కించి పన్నీరు దింపుకోవాలి. లేదంటే నల్లబడిపోతుంది. పువ్వు ఆగదన్న సంగతి బెహీజా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. కోడలికి కూడా ఆగని పని ఒకటి ఉండొచ్చని మాత్రం ఎవరికీ తట్టలేదు.

కోడలి పేరు దొర్సాఫ్. పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. ఆ మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చీ రాగానే బూట్లు విప్పి, లోపలి వాకిట్లో తెల్ల దుప్పటి మీద పోసి ఉన్న పువ్వు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆకూ పుల్లా ఏరి పక్కన పడేస్తోంది. చేతులు అక్కడున్నాయి కానీ మనసు రాజధాని ట్యూనిస్‌లో ఉంది.

అక్కడ ఆమె తల్లి ఫట్టూమా ఒక్కతే ఉంటుంది. కడుపులో పిత్తాశయం నిండా రాళ్లు. గురువారం పొద్దున పెద్దాసుపత్రిలో చేర్చుకుంటామన్నారు. తోడు మనిషి లేకుండా వస్తే మాత్రం మంచం ఇవ్వరు, ఆ మంచం ఇంకొకరికి పోతుంది. చలికాలంలో ఇచ్చిన తేదీ ఇలాగే పోయింది. దొర్సాఫ్‌కి అక్క లేదు, అన్న లేడు. ఉన్నది తనొక్కతే. అందుకని గురువారం నుంచి సెలవు పెట్టింది. ఇక మిగిలిందల్లా అత్తగారికి చెప్పడం. ఆ పని మొగుడు నౌఫెల్ తన మీద వేసుకున్నాడు. "మా అమ్మకి నేను చెప్తా. నువ్వు చెప్తే రాద్ధాంతం అవుతుంది" అని.

నౌఫెల్ కరెంటాఫీసు నుంచి వచ్చాడు. అరుగు మీద కూలబడి కాళ్లు చాపాడు. బెహీజా లోపల్నుంచి పైన్ గింజలు వేసిన టీ గ్లాసు తనే తెచ్చి చేతికిచ్చింది.

"అలిసిపోయాడు నా బిడ్డ. ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో!"

దొర్సాఫ్ తలెత్తి చూసింది. ఆ ముఖం పొద్దున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఆమె కళ్లతోనే 'చెప్పావా?' అని అడిగింది. అతను గ్లాసులోకి చూసుకుంటూ గింజల్ని నాలుకతో తీసుకుని తిన్నాడు.

పైన గదిలోకి వెళ్లాక అడిగింది. "ఇంకా చెప్పలేదా?"

"చెప్తాలే. ఇవాళ మోకాలు నొప్పిగా ఉందంది. మంచి టైము చూసి చెప్పాలి."

"ఎల్లుండే కదా నౌఫెల్. ఇంకెప్పుడు?"

"అబ్బా, చెప్తానన్నానుగా! నీకు ప్రతిదానికీ కంగారే."

కంగారు ఉండదూ మరి! తల్లి ఎవరిదో వాళ్లకే ఉంటుంది కంగారు.

బుధవారం మధ్యాహ్నం బెహీజా పువ్వుల బజారు నుంచి ఇంకో రెండు బస్తాలు దింపించింది. చిన్నకొడుకు నిశ్చితార్థం దగ్గర్లోనే ఉంది, వచ్చేవాళ్లందరికీ తలా ఒక సీసా ఇవ్వాలట. సాయంత్రానికి వాకిలంతా తెల్లటి పువ్వే. ఆ వాసనకి వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి ముక్కు ఎగబీలుస్తున్నారు. దొర్సాఫ్‌కి మాత్రం తల తిరుగుతోంది.

"నువ్వు రేపట్నుంచి సెలవు పెట్టుకోబట్టి సరిపోయిందమ్మాయ్" అంది బెహీజా దుప్పటి కొస సరిచేస్తూ. "లేకపోతే ఈ పువ్వంతా నేనొక్కదాన్నీ ఏం చేసుకునేదాన్ని? నౌఫెల్ చెప్పాడులే. 'పువ్వు కోసమే సెలవు పెట్టించా అమ్మా' అన్నాడు. వాడికి తల్లంటే ఎంత పట్టింపో!"

దొర్సాఫ్ చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది. అరుగు మీద కూర్చున్న మొగుడి వంక చూసింది. నౌఫెల్ చెప్పు మడమతో నేలమీద లేని చీమనేదో నలుపుతున్నాడు.

మామగారు అమ్మార్ రేడియో పక్కన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన ఏ గొడవలోనూ కళ్లు తెరవడు.

మొగుడితో పైకి వచ్చాక దొర్సాఫ్ తలుపు వేసింది. "ఏం చెప్పావు మీ అమ్మకి?"

"అది... సెలవెందుకు పెట్టిందిరా అని అడిగింది. నోటికొచ్చింది చెప్పేశా. తర్వాత సర్ది చెబుదామని..."

"మీ అమ్మకి మోకాలు వాచినప్పుడు ఇరవై రోజులు నేను కాపడం పెట్టాను. అప్పుడు ఆఫీసులో నా నోటికొచ్చింది చెప్పానా? మా అత్తగారికి బాగాలేదని చెప్పాను."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"అదే కదా. మీ ఇంట్లో ఎవరికీ సంబంధం కనపడదు."

"గొంతు తగ్గించు, కిందికి వినపడుతుంది. ఇలా చెయ్యి. పొద్దున్నే ఒక బట్టీ దింపేసి, మధ్యాహ్నం వెళ్లు. లేదా మీ అమ్మ పక్కింటావిడని తోడు వెళ్లమను."

"మధ్యాహ్నానికి మంచం ఉండదు. కూతురు బతికుండగా మా అమ్మ పక్కింటావిడ చెయ్యి పట్టుకుని ఆపరేషన్‌కి వెళ్లాలా? నీకూ రేపు సెలవే కదా. బట్టీ దగ్గర నువ్వు కూర్చో."

నౌఫెల్ నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది అతనికి. పువ్వు రోజుల్లో ఆ ఇంటి మగవాళ్లూ సెలవులు పెడతారు, పెట్టరని కాదు. తీసుకొచ్చిన సీసాలు కడిగారో లేదో చూడటం, మొదట దిగిన చుక్కల్ని వాసన చూసి గంభీరంగా తల ఊపడం, భోజనం ఆలస్యమైతే ఎందుకని అడగడం వాళ్ల పని.

"నేనా? బట్టీ దగ్గరా? వీధిలో నలుగురూ ఏమనుకుంటారే!"

దొర్సాఫ్ తల్లికి ఫోన్ చేసింది.

"నువ్వు రాకపోయినా ఏం కాదులే తల్లీ" అంది ఫట్టూమా. గొంతులో నొప్పి తెలుస్తూనే ఉంది. "రాళ్లు ఎక్కడికి పోతాయి? కడుపులోనే ఉంటాయి. మీ అత్తగారి మాట కాదని మాత్రం రాకు. సంసారం ముఖ్యం."

"వస్తున్నానమ్మా. నువ్వు ఆసుపత్రి గేటు దగ్గరే కూర్చో" అంది. అన్నాక భయం వేసింది. ఎలా వెళ్తుందో తనకే తెలీదు.

గురువారం తెల్లవారుతూనే దిగివచ్చింది. రాగి బానలో నీళ్లు పోసి, పువ్వు నింపి, పైన గొట్టాలున్న మూత బోర్లించింది. మైదాపిండి జావలో గుడ్డపీలికలు ముంచి, మూతకీ బానకీ మధ్య సందు కనపడకుండా చుట్టూ అద్దింది. గొట్టాల కింద పొడుగు మెడ సీసాలు నిలబెట్టింది. మూతపైనున్న తొట్టిలో చన్నీళ్లు నింపింది. పొయ్యి వెలిగించి మంట చిటికెన వేలంత పెట్టింది. ఎక్కడా పొరపాటు జరగలేదు. అలవాటైన పని.

బెహీజా సాంబ్రాణి కుండతో వచ్చి బట్టీ చుట్టూ పొగ వేసింది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బట్టీ వెలిగాక దాని దగ్గర ఎవరూ గొంతు పెంచకూడదు. తిట్టకూడదు, ఏడవకూడదు. మాట చేదైతే పన్నీరు చేదెక్కుతుంది. బెహీజా అత్తగారు ఆవిడకి నేర్పింది, ఆవిడ కోడలికి నేర్పింది. ఒకసారి పక్కింటి సాల్హా ఇక్కడ నిలబడి వాళ్ల ఆయన్ని తిట్టబోతే నోరు మూసి మరీ బయటికి పంపించారు.

నౌఫెల్ పైజమాలో ఆవలిస్తూ వచ్చాడు. దొర్సాఫ్ పీట తెచ్చి బట్టీ ముందు వేసింది. అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత తలకి గుడ్డ చుట్టుకుని, తలుపు వెనక పెట్టిన సంచీ చేతిలోకి తీసుకుంది.

"అత్తయ్యా, నేను ట్యూనిస్ వెళ్తున్నాను. మా అమ్మకి ఆపరేషన్. ఈ పొద్దున చేర్చాలి. నేను సెలవు పెట్టింది అందుకు. పువ్వుకి కాదు. మీ అబ్బాయికి వారం కిందటే తెలుసు." పాలు కాగాయని చెప్పినంత మెల్లగా చెప్పింది.

బెహీజా నోరు తెరిచింది. కళ్లు పెద్దవయ్యాయి. మెడ మీద నరం ఉబ్బింది. అంతలో బట్టీలోంచి సన్నగా గుడగుడమని మొదలైంది. ఆవిడ బట్టీ వంక చూసింది, కోడలి వంక చూసింది, తెరిచిన నోరు మూసుకుంది.

"వచ్చాక మాట్లాడుకుందాం" అంది గుసగుసగా. ఆ గుసగుసలో ఎంత కోపం పట్టగలదో అంతా పట్టింది.

"నాకు రాదే ఇది!" నౌఫెల్ కూడా గుసగుసే.

"తొట్టిలో నీళ్లు గోరువెచ్చనవగానే తీసేసి చన్నీళ్లు పొయ్యి. మంట పెంచకు. గుడ్డ ఊడితే పిండి అద్దు. లేచి వెళ్లకు" అని చెప్పి వీధి తలుపు దాటింది.

వీధి మలుపు దాకా పరిగెత్తినట్టే నడిచింది. వెనక నుంచి ఎవరో పిలుస్తారని, పిలిస్తే తను ఆగిపోతుందని భయం.

లువాజు అనే షేర్ బండ్ల అడ్డా దగ్గర ట్యూనిస్ బండి నిండలేదు. ఇంకొక్క మనిషి రావాలి. అన్ని సీట్లూ నిండందే ఆ బండ్లు కదలవు. డ్రైవరు తాపీగా సిగరెట్ వెలిగించాడు.

"అన్నా, ఆ సీటుకి కూడా నేనే ఇస్తా, పోనీ" అంది.

"ఏమ్మా, ఎవరైనా పోయారా?"

"పోకూడదనే వెళ్తున్నా."

అతను సిగరెట్ పారేసి ఎక్కాడు. బండి ఊరు దాటకముందే ఫోన్ మోగింది.

"గోరువెచ్చన అంటే ఎంత?" నౌఫెల్.

"వేలు పెట్టి చూడు."

"అమ్మో! కాలింది!"

"అయితే ఎప్పుడో మార్చాల్సింది. మార్చు."

మళ్లీ మోగింది. "ఎంతసేపు కూర్చోవాలి ఇలా? నడుం పట్టేసింది." ఇంకోసారి, "గుడ్డ ఊడింది, ఆవిరి ముఖానికి కొడుతోంది. పొగలా ఏదో వస్తోంది." ఆ తర్వాత, "నువ్వు ఇంకా ఎంత దూరంలో ఉన్నావు?" వెనక్కి తిరిగి వస్తుందేమోనని అతని ఆశ.

పక్కనున్న పెద్దావిడ నవ్వాపుకుంటూ, "మీ ఆయన వంట నేర్చుకుంటున్నాడా అమ్మా?" అంది.

"అవునండీ, ఇవాళే మొదలుపెట్టాడు" అని ఫోన్ సంచీలో పడేసింది. సంచీలో అది మోగుతూనే ఉంది. ట్యూనిస్ దగ్గర పడేకొద్దీ బండ్లు బారులు తీరి నిలిచిపోయాయి. దొర్సాఫ్ ముందు సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో నెడుతూ కూర్చుంది, బండిని తనే నెట్టి తీసుకెళ్తున్నట్టు. మంచం పోతే? ఈసారి కూడా పోతే? ఇంత చేసీ ఆలస్యమైతే ఆ ఇంట్లో ముఖమెలా ఎత్తుకోవాలి?

ఆసుపత్రి గేటు దగ్గర ఫట్టూమా లేదు. లోపల వరండాలో బల్ల చివర, సంచీ ఒళ్లో పెట్టుకుని, పొట్ట పట్టుకుని వంగి కూర్చుని ఉంది. చేతిలో కాగితాలతో ఒక నర్సు ఎదురుగా నిలబడి ఉంది.

"తోడు లేకుండా కుదరదు పెద్దమ్మా, చెప్పానుగా. తర్వాతి పేరు పిలవాలి నేను."

"ఉన్నారు! తోడు ఉన్నారు!" దొర్సాఫ్ వరండా ఆ చివర్నుంచే అరిచింది. పొద్దుట్నుంచీ ఆపుకున్న గొంతంతా అక్కడ బయటపడింది.

ఫట్టూమా తలెత్తి కూతుర్ని చూసి, "అయ్యో, వచ్చేశావా! మీ అత్తగారు ఏమనుకుంటుందో" అంది. అంటూనే కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు వచ్చి విడిపించేదాకా ఆ పట్టు వదల్లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది, రాళ్లు తీసేశారు. ఫట్టూమాని శనివారం ఇంటికి పంపించారు. కుట్లు పచ్చిగా ఉన్నాయి, వారం దాకా బరువెత్తకూడదు, వంగకూడదు. ఆదివారం పక్కింటావిడని కాసేపు కూర్చోమని చెప్పి, దొర్సాఫ్ మార్చుకునే బట్టలు తెచ్చుకోవడానికి నాబుల్ బండి ఎక్కింది. దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంది. 'వారం ఉంటాను' అనాలి. అడగకూడదు, చెప్పాలి. 'వెళ్తే ఇంక రాకు' అంటే? అనగలదు బెహీజా. అంటే నౌఫెల్ ఎటు నిలబడతాడు? చెప్పుతో చీమని నలుపుతాడు.

వీధి తలుపు తీసే ఉంది. వాకిట్లో అరడజను మంది ఆడవాళ్లు. ఎవరికేమైందోనని దొర్సాఫ్ గడప మీదే ఆగిపోయింది.

"ఇదిగో వచ్చింది అదృష్టవంతురాలు!" సాల్హా చేతులు చాపింది. "ఏం నోము నోచావే పిల్లా! మా ఆయన తాగిన గ్లాసు కూడా తియ్యడు. నీ మొగుడు పన్నీరు దింపాడు!"

నడుమ బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ. దాని మీద సీసాలు. పక్కనే కొత్త చొక్కా వేసుకుని నౌఫెల్. పెళ్లిలో కూడా అతన్ని ఇంతమంది ఇలా చూడలేదు. బెహీజా ముఖం వెలిగిపోతోంది.

"కోడలు ఊరెళ్లాల్సి వచ్చింది. పువ్వు ఆగదాయె. 'నువ్వు కూర్చో అమ్మా, నేనున్నాగా' అన్నాడు" అని చెబుతోంది, ఎన్నోసారో ఏమో. "పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా పీట మీంచి లేస్తే ఒట్టు! చేతులు చూడండి, బొబ్బలెక్కాయి!"

"మాషా అల్లా!" ఆడవాళ్లంతా బొబ్బలు చూశారు. ఒకావిడ వేలు పట్టుకుని ముద్దు కూడా పెట్టుకుంది. దొర్సాఫ్ మోచేతి మీద పాత మచ్చలు రెండున్నాయి. చొక్కా చేతిని కిందికి లాక్కుంది.

సీసా మూత తీసి వాసన చూసింది. పొగ. మాడిన పువ్వు వాసన. అరచేతిలో చుక్క వేసుకుంటే ఇంకా తెలిసింది. చుట్టూ ఉన్నవాళ్లంతా పన్నీరు దింపుకునే వాళ్లే, వాళ్ల ముక్కులకి తెలీకపోవడం ఉండదు. కానీ ఒక్కరూ ఆ మాట అనలేదు. తన మొదటి బట్టీ కాస్త కమిలితే ఈ వాకిట్లో ఇదే ఆడవాళ్లు ఏమన్నారో ఆమెకి గుర్తుంది. ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక ఆలోచన కూడా వచ్చింది.

"అద్భుతంగా ఉంది అత్తయ్యా" అంది అందరికీ వినపడేలా. "ఇంత చెయ్యి తిరిగిన మనిషిని పెట్టుకుని నేనెందుకు కూర్చుంటున్నానో ఇన్నాళ్లూ! ఇకమీద వచ్చే పువ్వు కూడా ఆయనే దింపుతాడు. నేను వారం మా అమ్మ దగ్గర ఉండి వస్తా."

నౌఫెల్ బొబ్బలెక్కిన వేళ్లు వెనక్కి దాచుకున్నాడు.

"దింపడూ మరి! అలాంటి కొడుకు!" అంది సాల్హా. మిగతావాళ్లూ వంత పాడారు. బెహీజా నవ్వింది. ఆ నవ్వు ఎలా దించుకోవాలో తెలీక అలాగే ఉంచుకుంది.

పైన బట్టలు సర్దుకుంటుంటే నౌఫెల్ వచ్చి తలుపుకి ఆనుకున్నాడు. "ఇంత కష్టమని ఎప్పుడూ చెప్పలేదేం నాకు?"

"నువ్వు ఎదురుగా అరుగు మీదే కూర్చుని టీ తాగేవాడివి నౌఫెల్. ఇంకేం చెప్పాలి?"

అతను ఏదో అనబోయి, తన వేళ్లు చూసుకుని, "రేపటి పువ్వుకి మంట ఎంత పెట్టాలి?" అని అడిగాడు.

"చిటికెన వేలంత."

వంటింటి గుమ్మంలో బెహీజా చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కోడలి చెవి దగ్గరికి వంగింది.

"నాకు ముక్కు లేదనుకున్నావా? పొగే. మొత్తం పొగే. వారం కాదు, నీ ఇష్టం వచ్చినన్ని రోజులుండి రా. కానీ నా కొడుకు పన్నీరు మాడ్చాడని ఈ ఊళ్లో ఒక్క నోట వినపడకూడదు." తర్వాత ఒక సీసా తెచ్చి సంచీలో దూర్చింది. "మీ అమ్మకి. నౌఫెల్ దింపాడని చెప్పు."

బండిలో కూర్చున్నాక దొర్సాఫ్‌కి నవ్వొచ్చింది. అనుకున్నది అయింది. తల్లి దగ్గర వారం ఉండొచ్చు, ఎవరూ కాదనరు. కానీ అది తన హక్కని ఎవరూ ఒప్పుకోలేదు, కొడుకు పరువు కోసం వదిలిపెట్టారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఫరవాలేదు, చేరితే చాలు అనుకుంది.

ఫట్టూమా దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం కాస్త తేటపడింది. దొర్సాఫ్ సూప్ వేడి చేసి తాగించి, కట్టు చూసి, పక్క దులిపి వేసింది. అప్పుడు సీసా తీసి ఇచ్చింది.

ఫట్టూమా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చటుక్కున వెనక్కి తీసేసింది. "ఎవరే మాడ్చింది ఇది?"

"నౌఫెల్. బట్టీ దగ్గర అతన్ని కూర్చోబెట్టి వచ్చాను."

"అల్లుడా! అల్లుడు దింపాడా!" ఫట్టూమా ముఖం విచ్చుకుంది. మూత మళ్లీ తీసి ఈసారి గుండెల నిండా పీల్చింది. "నా బంగారు తండ్రి! నా ఆపరేషన్ కోసం ఇంత చేశాడా? ఇలాంటి అల్లుడు ఎవరికి దొరుకుతాడే! పాపం, అతన్ని ఆ పొగలో వదిలేసి నువ్వు ఇక్కడికొచ్చి కూర్చున్నావా?"

దొర్సాఫ్ సూప్ గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయింది. అత్తగారి దగ్గర రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

"అతను నీ ఆపరేషన్‌కి రాలేదమ్మా. నేను వచ్చాను."

"నువ్వు కూతురివి. రాక ఎక్కడికి పోతావు?"

"నన్ను కూడా ఒక్కసారి మెచ్చుకోవచ్చు కదమ్మా."

ఫట్టూమాకి నవ్వొచ్చి, కుట్లు లాగి, పొట్ట పట్టుకుంది. "నిన్ను మెచ్చుకోవడమేంటే పిచ్చిదానా! ఏం చేశావని? పన్నీరంటే మీ అత్తగారిది. ఏటా పంపిస్తుంది చూడు, ఎంత శ్రేష్టంగా ఉంటుందో! చుక్క వేస్తే ఇల్లంతా గుబాళిస్తుంది. ఆవిడ చేతిలో ఏదో ఉందే. ప్రతిసారీ ఫోన్ చేసి చెప్తాను కదా ఆవిడకి."

"చెప్తావా? ఏమంటుంది ఆవిడ?"

"ఏమంటుంది? 'అంతా అల్లా దయ' అంటుంది."

దొర్సాఫ్ గిన్నె కింద పెట్టింది. చొక్కా చేతిని మోచేతి పైదాకా లాక్కుని, తల్లి మంచం మీద పక్కనే కూర్చుంది.

"అమ్మా, పెళ్లయినప్పట్నుంచి ఆ ఇంట్లో బట్టీ దగ్గర కూర్చుంటున్నది నేను. ఆవిడ సాంబ్రాణి వేస్తుంది. అంతే."

ఫట్టూమా కూతురి మోచేతి మీద మచ్చలు చూసింది. తర్వాత కిటికీ పక్కనున్న అర వంక చూసింది. అక్కడ పోయినేటి సీసా ఇంకా సగం ఉంది, పండగలకీ చుట్టాలకీ మాత్రమే తీస్తూ దాచుకున్నది.

"అయితే అవన్నీ..." అంది. ఆ సీసా వైపు చెయ్యి చూపించింది. "అవన్నీ నువ్వు దింపినవా?"